అడిగినదానికే జవాబు

సీటీసీలో మొయిన్ భాయ్ పదకొండు వేలకిచ్చిన లాప్‌టాప్.
"విండోస్ కావాల్నంటే ఇంకో మూడు వేలమ్మా,
లినక్స్ అయితే ముఫ్త్."
ముఫ్త్ అన్న మాట దగ్గరే నేను పడిపోయాను.

అడిక్‌మెట్‌లో మూడో అంతస్తు, ఒక్కటే గది.
ఆ రోజు వాంగ్మూలాలన్నీ రాత్రి తొమ్మిదికల్లా
వకీలు బాలకిషన్ గారికి చేరాలి.
నాంపల్లి కోర్టు చుట్టూ పద్నాలుగేళ్లుగా నా పని ఇదే:
ఒకరు అడిగింది, ఒకరు చెప్పింది,
దగ్గులు తప్ప అన్నీ టైపు చేయడం.

తెర మీద మూలన వైఫై గుర్తు ఉండాల్సిన చోట
ఏమీ లేదు.
అడ్డంగా కొట్టేసిన గుర్తు కూడా లేదు.
పుట్టనేలేదన్నట్టు, ఖాళీ.

నల్ల కిటికీ తెరిచి డీమెసెజ్ అని కొట్టాను.
కళ్లు తెరిచిన క్షణం నుంచి సెకన్ల లెక్కన
ఎవరిని పిలిచిందో, ఎవరు పలికారో, ఎవరు పలకలేదో
గడగడా అప్పజెప్పింది.
ఇంత నిక్కచ్చి సాక్షిని నేను బోనులో చూడలేదు.
పన్నెండో సెకను దగ్గర ఆగి చదివాను:
కార్డు ఉంది, దాని ఫర్మ్‌వేర్ దొరకలేదు.

దొరకాలంటే దింపుకోవాలి.
దింపుకోవాలంటే నెట్ ఉండాలి.
చేద పడ్డ బావిలోనే
పాతాళగరిగ కూడా పడ్డట్టు.
ఫోన్‌ను తీగతో కట్టి, మిగిలిన డేటా తోడి,
పేరులో సగం అంకెలే ఉన్న ఆ ఫైలు తెచ్చి పెట్టి
రీస్టార్ట్ చేశాను.
ఫిర్యాదు పోయింది. గుర్తు రాలేదు.

మర్నాడు రాత్రి ఇంకో ప్రశ్న. ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్.
సాఫ్ట్ బ్లాక్: నో.
హార్డ్ బ్లాక్: ఎస్.
మెత్తగా ఎవరూ ఆపలేదట, గట్టిగా ఆపారట.
ఎవరు, అని అడిగేందుకు ఆ భాషలో మాట లేదు.
అన్‌బ్లాక్ అన్నాను. ఆల్ అన్నాను.
సుడో తగిలించి హోదా చూపించాను,
అందులోనూ పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టి.
ఎస్. ఎస్. ఎస్.

లంచ్‌లో మొయిన్ భాయ్‌కి ఫోన్.
"ఆ మాడల్‌కి బటన్ ఉంటదమ్మా, ముందర అంచుకి."
"చూసిన భాయ్, లేదు."
"కండ్లతో కాదు. వేలితో చూడు."

వేలితో చూశాను.
ఏదో పాత కంపెనీ అంటించిన ఆస్తి స్టిక్కరు,
నంబరు నాలుగు వందల పదిహేడు,
దాని కింద పెసరగింజంత ఎత్తు.
గోరుతో లేపితే సగం బార్‌కోడు గోట్లోకి వచ్చింది,
మిగతా సగం జిగురై నిలిచింది.
జిగురులో ఒక మీట. కుడికి జరిపాను.

గల్లీ మొత్తం ఒక్కసారి తెర మీదికొచ్చింది.
ఓనర్ సెకండ్ ఫ్లోర్. బాయ్స్ హాస్టల్ ఐదు.
పాస్‌వర్డ్ అడగొద్దు.
ఎవరో చిన్నీ. ఎవరో చిన్నీ ఎక్స్‌టెండర్.
మెట్ల మీద తల వంచుకుని పోయేవాళ్లంతా
పేర్లు చెప్పుకుంటూ వరసలో నిలబడ్డారు.
అందరికంటే కింద, రెండే గీతలతో, నాది.

కథ అక్కడ ఆపితే బాగుండేది.
ఎనిమిదింటికి మళ్లీ పడిపోయింది.
ఎనిమిదీ ఇరవైకి దానంతటదే లేచింది.
రోజూ అదే వేళ. పింగ్ పెట్టి కూర్చున్నాను:
మూడు, నాలుగు, మూడు,
పద్దెనిమిది వందలు,
ఇక మౌనం.
అప్పుడే కిటికీలోంచి పప్పు తాలింపు వాసన,
కింద లింగస్వామి కర్రీ పాయింట్‌లో
మైక్రోవేవ్ టింగుమన్న చప్పుడు.

రూటర్‌ను ఆరో చానల్ నుంచి ఒకటికి మార్చాను.
కొంత నయం. పూర్తిగా కాదు.
లింగస్వామిని రొట్టెలు వేడి చేయొద్దని ఎలా అంటాను,
రెండు నేనే కొంటాను కదా.

"సార్, పది నిమిషాలు ఆలస్యం," అంటాను వకీలుకి.
"నెట్ పోయిందా?"
"లేదు సార్. కింద గిరాకీ ఎక్కువుంది."
ఆయన ఎందుకని అడగడు.
అడగనిది నేను చెప్పను.